ఏడు ఆటల హాదీ.. పారిస్ ఒలింపిక్స్ ఆడిన హైదరాబాదీకి కంప్యూటర్ ర్యాంక్ ఇస్తే ఎంత?

మెదక్: 1924. మెదక్ జనానికి ఈ సంవత్సరం చెప్పగానే గుర్తొచ్చేది చర్చి. పదేళ్ల పాటు కట్టిన ఆ పెద్ద చర్చి తలుపులు ఆ ఏడాది డిసెంబర్ 25న తెరుచుకున్నాయి. అదే ఏడాది జులైలో ఇంకో సంగతి జరిగింది. అది మాత్రం మన దగ్గర చాలామందికి తెలీదు. మెదక్ అప్పుడు నిజాం రాజ్యంలో ఉండేది. ఆ రాజ్యం నుంచే వెళ్లిన 24 ఏళ్ల కుర్రాడు ఒకరు పారిస్ ఒలింపిక్స్‌లో ఇండియా తరఫున టెన్నిస్ కోర్టులోకి దిగారు. ఆయన పేరు సయ్యద్ మహమ్మద్ హాదీ. ఊరు హైదరాబాద్.

టెన్నిస్ ఒక్కటే అయితే కథ ఇంత పెద్దది కాదు. క్రికెట్, టెన్నిస్, హాకీ, ఫుట్‌బాల్, టేబుల్ టెన్నిస్, చెస్, పోలో.. ఏడు ఆటల్లో చెయ్యి తిరిగిన మనిషి. ఏడు రంగుల ఇంద్రధనుస్సులా ఏడు ఆటలు ఆడతారని ఆయనకు రెయిన్‌బో హాదీ అని పేరొచ్చింది.

మరి ఇలాంటి ఆటగాడి స్థానం ఎంత? టెన్నిస్‌లో ఎన్నో ర్యాంక్? ఆయన ఆడిన రోజుల్లో కంప్యూటర్ ర్యాంకులు లేవు. ఇవాళ ఎవరు ఎవరిని ఓడించారో ఒక వలలాగా గీసి, దాని మీద లెక్క కట్టి ర్యాంకులు ఇచ్చే పద్ధతులు వచ్చాయి. హాదీ లాంటి వాళ్లను ఆ లెక్కలో పెడితే ఏం తేలుతుంది? ఆయన జీవితంతో పాటు ఆ లెక్క సంగతి కూడా చూద్దాం.

ఎవరీ హాదీ?

హాదీ 1899 ఆగస్టు 12న హైదరాబాద్‌లో పుట్టారు. అది ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలం. హైదరాబాద్, సికింద్రాబాద్‌లలో అప్పటికే క్రికెట్, పోలో, టెన్నిస్ బాగా నడిచేవి. కంటోన్మెంట్‌లో ఇంగ్లిష్ వాళ్లు ఆడేవాళ్లు. నగరంలో నవాబులు, జాగీర్దార్లు మైదానాలు వేయించి, జట్లను పోషించి ఆడించేవాళ్లు. మొయినుద్దౌలా గోల్డ్ కప్ క్రికెట్ టోర్నీ ఆ వాతావరణంలోంచి వచ్చిందే.

అలాంటి నగరంలో పెరిగిన హాదీకి ఏ ఆట దొరికితే ఆ ఆట వచ్చేసింది. గుర్రం ఎక్కితే పోలో. స్టిక్ పడితే హాకీ. సాయంత్రం బోర్డు ముందు కూర్చుంటే చెస్. పై చదువులకు ఇంగ్లండ్ వెళ్లి కేంబ్రిడ్జ్ యూనివర్సిటీలో చేరాక టెన్నిస్‌లో పేరు బయటికొచ్చింది. యూనివర్సిటీ జట్టులో చోటు దొరికింది. అక్కడి నుంచి ఇండియా జట్టులోకి దారి పడింది.

ఇక్కడ ఒక విషయం తెలియాలి. అప్పట్లో ఇండియా టెన్నిస్ జట్టును ఇప్పటిలా దేశమంతా గాలించి ఎంపిక చేయడం కుదిరేది కాదు. ఇక్కడి నుంచి యూరప్ వెళ్లాలంటే ఓడలో వారాల ప్రయాణం. ఖర్చు ఎవరు పెడతారు? సెలవు ఎవరు ఇస్తారు? అందుకే ఇంగ్లండ్‌లో చదువుకుంటున్నవాళ్లు, అక్కడ ఉంటున్నవాళ్లు, సెలవు పెట్టుకోగలిగిన అధికారులే ఎక్కువగా జట్టులో ఉండేవాళ్లు. హాదీతో పాటు పారిస్ వెళ్లిన సిడ్నీ జాకబ్ ఐసీఎస్ అధికారి. డబ్బు కోసం ఆడేవాళ్లకు పెద్ద టోర్నీల్లో అసలు ప్రవేశమే లేదు. 1968 దాకా వింబుల్డన్‌లో ఆడాలంటే అమెచ్యూర్ అయి ఉండాల్సిందే.

పారిస్‌లో ఏం జరిగింది?

ఇండియా డేవిస్ కప్‌లోకి అడుగుపెట్టింది 1921లో. మొదటి పోటీలోనే ఫ్రాన్స్‌ను ఓడించి అందరినీ ఆశ్చర్యపరిచింది. మూడేళ్లు తిరిగేసరికి పారిస్ ఒలింపిక్స్ వచ్చాయి. మహమ్మద్ సలీమ్, సిడ్నీ జాకబ్, అథర్ అలీ ఫైజీ, హాదీ.. ఇండియా తరఫున టెన్నిస్ ఆడినవాళ్లలో వీళ్లు ఉన్నారు. మహిళల్లో నోరా పోలీ ఆడారు.

ఆ రోజుల్లో ఫ్రాన్స్ టెన్నిస్ అంటే మామూలు విషయం కాదు. జీన్ బొరోత్రా, హెన్రీ కోషే, రెనే లకోస్ట్, జాక్ బ్రూన్యో.. నలుగురూ ఒకే కాలంలో దొరికారు. 1924లో వింబుల్డన్ గెలిచింది బొరోత్రా. తర్వాతి ఏడు లకోస్ట్. ఆ తర్వాత మళ్లీ బొరోత్రా. పారిస్ ఒలింపిక్స్‌లో మన జాకబ్ క్వార్టర్‌ఫైనల్ దాకా వెళ్లి బొరోత్రా చేతిలోనే ఓడిపోయారు. సింగిల్స్ బంగారు పతకం మాత్రం అమెరికా ఆటగాడు విన్సెంట్ రిచర్డ్స్‌కు దక్కింది. ఫైనల్లో ఓడింది కోషే.

హాదీకి పతకం రాలేదు. కానీ ఆ పోటీలకు ఇంకో లెక్కలో ప్రాధాన్యం ఉంది. ఎవరు అమెచ్యూర్, ఎవరు కాదు అన్న గొడవ మీద ఒలింపిక్ కమిటీకి, టెన్నిస్ సమాఖ్యకు చెడింది. 1924 తర్వాత ఒలింపిక్స్ నుంచి టెన్నిస్‌ను తీసేశారు. మళ్లీ పతకాల ఆటగా వచ్చింది 1988లో, సియోల్‌లో. అంటే 64 ఏళ్ల విరామం. ఆ విరామానికి ముందు చివరిసారిగా ఒలింపిక్ టెన్నిస్ ఆడినవాళ్లలో మన హైదరాబాదీ ఒకరు.

1924, 1925లలో హాదీ డేవిస్ కప్‌లోనూ ఇండియా జట్టులో ఉన్నారు.

అప్పట్లో ర్యాంకులు ఎవరిచ్చేవాళ్లు?

ఇప్పుడైతే సోమవారం వచ్చిందంటే కొత్త ర్యాంకుల పట్టిక మొబైల్‌లో కనిపిస్తుంది. హాదీ కాలంలో అలాంటిదేం లేదు. లండన్‌లో వాలిస్ మైయర్స్ అనే పాత్రికేయుడు ఏటా సీజన్ అయిపోయాక తన అంచనా ప్రకారం ప్రపంచ టాప్ 10 రాసి పేపర్‌లో వేసేవారు. జనం దాన్నే ప్రపంచ ర్యాంకింగ్ అనుకునేవాళ్లు. ఆయన కళ్లముందు ఆడినవాళ్లకు ఆ జాబితాలో చోటు దక్కే అవకాశం ఉండేది. సికింద్రాబాద్‌లోనో లాహోర్‌లోనో ఎంత బాగా ఆడినా లండన్‌లో ఎవరికి తెలుస్తుంది?

అసలు సమస్య ఇక్కడే ఉంది. ఆటగాడు ఎంత గొప్పవాడన్నది ఒక లెక్క అయితే, అతని ఆట ఎవరి కంటపడిందన్నది ఇంకో లెక్క. ర్యాంకులో ఈ రెండూ కలిసిపోతాయి.

రాకెట్ పక్కన పెట్టి బ్యాట్

హైదరాబాద్ తిరిగొచ్చాక హాదీ ఒక్క టెన్నిస్‌నే పట్టుకుని కూర్చోలేదు. బ్యాట్ కూడా పట్టారు. 1934లో దేశవాళీ క్రికెట్ చాంపియన్‌షిప్ మొదలైంది. అదే రంజీ ట్రోఫీ. ఆ మొదటి సీజన్‌లోనే మద్రాస్ మీద హైదరాబాద్ తరఫున హాదీ 132 పరుగులు చేసి నాటౌట్‌గా నిలిచారు. రంజీ ట్రోఫీ చరిత్రలో అదే మొట్టమొదటి సెంచరీ. అప్పటికి ఆయన వయసు 35. చాలామంది ఆటకు సెలవు చెప్పే వయసు అది.

ఆ తర్వాత రంజీలో వేల సెంచరీలు నమోదయ్యాయి. ట్రిపుల్ సెంచరీలూ వచ్చాయి. కానీ మొదటిది మొదటిదే. ఆ పేరు ఎవరూ చెరపలేరు. పారిస్‌లో టెన్నిస్ ఆడిన మనిషే పదేళ్లకు రంజీలో తొలి సెంచరీ కొట్టారంటే ఇవాళ నమ్మడం కష్టం. ఇప్పుడు పదేళ్ల పిల్లాడిని కూడా ఒకే ఆటకు కట్టేస్తున్నాం. రెండు ఆటలు ఆడతానంటే కోచ్ ఒప్పుకోడు.

ఏడు ఆటల వల్ల హాదీకి లాభం ఎంతో, నష్టమూ అంతే. ఏడింటికీ టైమ్ పంచితే ఒక్కో ఆటకు దొరికేది కొంచెమే. టెన్నిస్ రికార్డుల్లో ఆయన మ్యాచ్‌లు తక్కువ. క్రికెట్‌లో ఇన్నింగ్స్ తక్కువ. చెస్, పోలో సంగతి చెప్పక్కర్లేదు. ఏ ఒక్క ఆట జాబితా తీసినా ఆయన పేరు పైన ఉండదు. ఏడు జాబితాలూ పక్కపక్కన పెట్టి చూస్తేనే ఆ మనిషి కనిపిస్తారు.

ఆడటం ఆపేశాక కూడా ఆయన ఆటలకు దూరం కాలేదు. క్రీడల నిర్వహణలో, పిల్లలకు వ్యాయామ విద్య నేర్పే పనిలో పాలుపంచుకున్నారు. 1971 జులై 14న, ఇంకో నెలలో 72 నిండుతాయనగా కన్నుమూశారు.

రెండేళ్ల తర్వాత, 1973 ఆగస్టులో, మగవాళ్ల టెన్నిస్‌లో మొదటి కంప్యూటర్ ర్యాంకింగ్ వచ్చింది. మొదటి నంబర్ 1 రొమేనియాకు చెందిన ఇలీ నస్టాసే. రెండేళ్ల తర్వాత ఆడవాళ్ల ర్యాంకింగ్స్ మొదలయ్యాయి. హాదీ ఊరి నుంచే వచ్చిన సానియా మీర్జా 2015 ఏప్రిల్‌లో డబుల్స్ నంబర్ 1 అయ్యింది ఆ పట్టికలోనే.

పాయింట్లు కూడితే చాలదా?

ఇప్పుడున్న ర్యాంకింగ్ పద్ధతి సులువుగా అర్థమవుతుంది. గత 52 వారాల్లో ఏ టోర్నీలో ఎంత దూరం వెళ్లారో చూస్తారు. దాన్నిబట్టి పాయింట్లు. గ్రాండ్‌స్లామ్ గెలిస్తే 2000. మధ్యలో ఎవరిని ఓడించారన్నది పట్టించుకోరు. సెమీస్‌లో నంబర్ 1ను ఓడించినా, పెద్ద ఆటగాళ్లందరూ ముందే ఇంటికెళ్లిపోయి ఎవరో అనామకుడు ఎదురొచ్చినా పాయింట్లు ఒకటే.

వల లెక్క ఇక్కడే వేరు. అది అడిగే ప్రశ్న ఒక్కటే. ఎన్ని గెలిచావు అని కాదు, ఎవరి మీద గెలిచావు అని. ఆ ఎదుటివాడు ఎవరి మీద గెలిచాడు? వాడి చేతిలో ఓడినవాడు ఇంకెవరిని కొట్టాడు? ఇలా గొలుసులా వెనక్కి వెళ్తూనే ఉంటుంది.

కాగితం మీద చేసి చూస్తే తేలిగ్గా తెలుస్తుంది. మెదక్, రామాయంపేట, నర్సాపూర్, తూప్రాన్.. నాలుగు కబడ్డీ జట్లు ఉన్నాయనుకుందాం. ఇది ఉదాహరణ మాత్రమే, నిజంగా జరిగిన పోటీ కాదు. అందరూ అందరితో ఒక్కోసారి ఆడారు. మొత్తం ఆరు మ్యాచ్‌లు.

మెదక్.. నర్సాపూర్ మీద, తూప్రాన్ మీద గెలిచింది. రామాయంపేట చేతిలో ఓడింది.

నర్సాపూర్.. రామాయంపేట మీద, తూప్రాన్ మీద గెలిచింది. మెదక్ చేతిలో ఓడింది.

రామాయంపేట.. ఒక్క మెదక్‌నే ఓడించింది. మిగతా రెండూ పోయాయి.

తూప్రాన్.. ఒక్క రామాయంపేటనే ఓడించింది. మిగతా రెండూ పోయాయి.

గెలుపులు లెక్కపెడితే మెదక్‌కు 2, నర్సాపూర్‌కు 2, రామాయంపేటకు 1, తూప్రాన్‌కు 1. పైన ఇద్దరు సమానం, కింద ఇద్దరు సమానం. ఇక తేల్చేదేముంది అనిపిస్తుంది.

ఇప్పుడు వల లెక్క. ప్రతి జట్టుకూ మొదట 100 మార్కులు ఇద్దాం. రూల్ ఒక్కటే. ఓడిన జట్టు తన మార్కులను తనను ఓడించినవాళ్లకు సమానంగా పంచెయ్యాలి. మెదక్ ఓడింది రామాయంపేట చేతిలోనే కాబట్టి తన 100 మొత్తం రామాయంపేటకే పోతుంది. నర్సాపూర్ 100 మెదక్‌కు. రామాయంపేట తన 100లో నర్సాపూర్‌కు 50, తూప్రాన్‌కు 50. తూప్రాన్ తన 100లో మెదక్‌కు 50, నర్సాపూర్‌కు 50.

ఒక్క రౌండ్ పంపకం అయ్యేసరికి మెదక్ 150. నర్సాపూర్ 100. రామాయంపేట 100. తూప్రాన్ 50. రెండేసి గెలుపులే ఉన్నా మెదక్, నర్సాపూర్ కంటే ముందుకొచ్చింది. ఎందుకు? నర్సాపూర్‌ను ఓడించింది మెదక్ ఒక్కటే కాబట్టి.

ఇక్కడితో ఆగకుండా కొత్త మార్కులతో మళ్లీ పంచాలి. మళ్లీ మళ్లీ పంచాలి. కొన్ని రౌండ్ల తర్వాత అంకెలు కదలడం ఆగిపోతాయి. అప్పుడు చూస్తే మెదక్ 123, రామాయంపేట 123, నర్సాపూర్ 92, తూప్రాన్ 62.

చూశారా? ఒక్క మ్యాచే గెలిచిన రామాయంపేట పైకి ఎగబాకి మెదక్‌తో సమానమైంది. పైన ఉన్న మెదక్‌ను ఓడించిన జట్టు అదొక్కటే మరి. ఈ పద్ధతి బలం ఇదే, ప్రమాదమూ ఇదే. పెద్దవాడిని ఓడిస్తే విలువ ఇస్తుంది. కానీ ఆ ఒక్క మ్యాచ్ అదృష్టం కొద్దీ గెలిచినా అంతే విలువ ఇచ్చేస్తుంది.

దీనికి ఒక విరుగుడు ఉంది. ప్రతి రౌండ్‌లోనూ 85 శాతం మార్కులనే గెలిచినవాళ్లకు ఇవ్వాలి. మిగతా 15 శాతాన్ని అందరికీ సమానంగా పంచాలి. అలా చేస్తే మన ఉదాహరణలో మెదక్ 122, రామాయంపేట 119, నర్సాపూర్ 93, తూప్రాన్ 66 దగ్గర ఆగుతాయి. రెండు గెలుపులున్న మెదక్ మళ్లీ కొద్దిగా ముందుకొచ్చింది.

చెస్ నుంచి గూగుల్ దాకా

ఈ ఆలోచన కంప్యూటర్లతో పుట్టిందేం కాదు. 1895లో, హాదీ పుట్టడానికి నాలుగేళ్ల ముందు, బెర్లిన్‌లో ఎడ్మండ్ లాండౌ అనే 18 ఏళ్ల కుర్రాడు చెస్ టోర్నీల ఫలితాలకు ఎలా విలువ కట్టాలన్న దాని మీద ఒక వ్యాసం రాశాడు. గెలుపుల సంఖ్య చాలదు, ఓడించిన ఆటగాడి బలాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలన్న ఆలోచనను అందులో చర్చించాడు. తర్వాత ఆయన ప్రధాన సంఖ్యల మీద పరిశోధన చేసిన పెద్ద గణిత శాస్త్రవేత్త అయ్యారు. యూదుడు కావడంతో 1933లో నాజీ విద్యార్థులు ఆయన క్లాసులను బహిష్కరించారు. గొట్టింగెన్ యూనివర్సిటీలో ఆయన పాఠాలకు తెరపడింది.

పంచుతూ పోతే అంకెలు నిజంగా ఎక్కడైనా స్థిరపడతాయా అన్న అనుమానం రావచ్చు. ఏ లక్షణాలుంటే స్థిరపడతాయో చెప్పే గణితాన్ని పెరాన్ 1907లో, లాండౌ గురువు ఫ్రోబెనియస్ 1912లో నిరూపించారు.

దాదాపు వందేళ్ల తర్వాత అదే ఆలోచన ఇంకో వేషంలో వచ్చింది. 1998లో స్టాన్‌ఫర్డ్ విద్యార్థులు లారీ పేజ్, సెర్గీ బ్రిన్ వెబ్‌సైట్లకు ర్యాంక్ ఇవ్వడానికి దాన్ని వాడారు. ఒక పేజీ ఇంకో పేజీకి లింక్ ఇస్తే ఓటేసినట్టు. ఓటేసిన పేజీకి ఎంత పేరుంటే ఆ ఓటుకు అంత విలువ. దాని పేరే పేజ్‌ర్యాంక్. మొబైల్‌లో వెతికితే గూగుల్ జవాబులను ఒక వరసలో చూపించడం మొదలైంది అలాగే. ఆ లింకుల స్థానంలో మ్యాచ్‌లను పెట్టండి. ఓడినవాడు గెలిచినవాడికి ఓటేసినట్టు అనుకోండి. టెన్నిస్ ర్యాంకింగ్ తయారు.

లక్ష మ్యాచ్‌లు.. నంబర్ 1 ఎవరు?

ఈ పని నిజంగా చేసి చూపించింది ఫిలిప్పో రాడిక్కి అనే ఇటలీ పరిశోధకుడు. 1968 నుంచి 2010 దాకా జరిగిన లక్షకు పైగా మగవాళ్ల ప్రొఫెషనల్ మ్యాచ్‌లను ఒకే వలగా గీసి లెక్క కట్టారు. 2011లో ఫలితం బయటపెట్టారు. ఫెదరర్ అనుకున్నారా? నాదల్ అనుకున్నారా? కాదు. మొత్తం మీద నంబర్ 1గా తేలింది అమెరికా ఆటగాడు జిమ్మీ కానర్స్.

టెన్నిస్ అభిమానులు నోరెళ్లబెట్టారు. కానీ కారణం ఉంది. కానర్స్ రెండు దశాబ్దాలకు పైగా ఆడాడు. 109 టైటిళ్లు, 1274 మ్యాచ్ విజయాలు. మూడు తరాల గొప్ప ఆటగాళ్లతో తలపడ్డాడు. వలలో అతని మీదికి వచ్చే గీతలు ఎక్కువ. ఫెదరర్, నాదల్ అప్పటికి ఇంకా ఆడుతూనే ఉన్నారు కాబట్టి వాళ్ల లెక్క సగంలోనే ఆగింది. పైగా వాళ్లు ఓడించినవాళ్లు కూడా ఇంకా కెరీర్ మధ్యలోనే ఉన్నారు.

అంటే ఈ లెక్క కూడా ఎవరి పక్షమూ లేనిదని చెప్పలేం. ఎక్కువ కాలం ఆడినవాళ్లవైపు, కెరీర్ పూర్తయినవాళ్లవైపు ఒక చూపు ఎక్కువ చూస్తుంది. పాయింట్ల పట్టికకు ఒక వంకర ఉంటే, దీనికి ఇంకో వంకర.

మరి హాదీ సంగతేంటి?

రాడిక్కి వల 1968లో మొదలవుతుంది. హాదీ ఆడింది అంతకు నలభై ఏళ్లకు పైగా ముందు. ఆ వలలో ఆయన లేనే లేరు. పోనీ 1920ల మ్యాచ్‌లతో ఇంకో వల గీశారనుకుందాం. అందులోనూ హాదీ టాప్‌లో ఉండరు. దాచాల్సిన పనిలేదు. బొరోత్రా, లకోస్ట్, అమెరికాలో బిల్ టిల్డెన్ లాంటి వాళ్లు ఏళ్ల తరబడి పెద్ద టోర్నీలు గెలుస్తూ పోయారు. వాళ్ల మధ్య ఏడు ఆటలు ఆడే మనిషికి పై ర్యాంక్ రాదు.

కానీ వలను ఇంకోలా చూడొచ్చు. ఆ రోజుల్లో టెన్నిస్ వల ఒకటి కాదు, చిన్నచిన్న ముక్కలు. ఇంగ్లండ్, ఫ్రాన్స్ ఆటగాళ్లు తమలో తాము ఆడుకునేవాళ్లు. ఇండియాలో కలకత్తా, అలహాబాద్, లాహోర్, హైదరాబాద్ ఆటగాళ్లు తమలో తాము ఆడుకునేవాళ్లు. ఇక్కడి ఆటగాడు గొప్పో అక్కడి ఆటగాడు గొప్పో చెప్పాలంటే రెండు ముక్కల మధ్య కనీసం ఒక గీతైనా ఉండాలి. గీత లేకపోతే ఏ లెక్కా పనిచెయ్యదు. మెదక్ జిల్లా జట్లు మెదక్‌లోనే, గుంటూరు జిల్లా జట్లు గుంటూరులోనే ఆడుకుంటే రెండింటిలో ఏది బలమైందో ఎలా చెబుతాం?

ఆ గీతలు గీసింది ఎవరు? సలీమ్, జాకబ్, ఫైజీ, హాదీ లాంటి కొద్దిమంది. హాదీ యూరప్‌లో ఆడిన ప్రతి మ్యాచ్, గెలిచినా ఓడినా, రెండు ముక్కలను కలిపే వంతెన. ఆయన ఇక్కడ ఆడిన ఆటగాళ్లందరికీ ఆయన ద్వారానే ప్రపంచ టెన్నిస్‌తో ఒక కొలబద్ద దొరికింది. వలల గణితంలో ఇలాంటి వాళ్లను కొలిచే పద్ధతి వేరేగా ఉంది. 1977లో లింటన్ ఫ్రీమన్ అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త దాన్ని స్పష్టంగా నిర్వచించారు. ఒకరి నుంచి ఇంకొకరి దగ్గరికి చేరే దగ్గరి దారుల్లో ఎన్ని ఈ మనిషి మీదుగా పోతున్నాయన్నది చూస్తారు. బలం కొలిచే పట్టికలో కింద ఉన్నవాళ్లు వంతెనల పట్టికలో పైకి రావచ్చు.

ఆ వంతెన మీదుగా తర్వాత చాలామంది నడిచారు. 1939లో గౌస్ మహమ్మద్ వింబుల్డన్ సింగిల్స్ క్వార్టర్‌ఫైనల్ చేరిన తొలి భారతీయుడయ్యారు. 1960, 1961లలో రామనాథన్ కృష్ణన్ వరసగా సెమీస్ ఆడారు. 1996లో అట్లాంటా ఒలింపిక్స్‌లో లియాండర్ పేస్ కాంస్యం తెచ్చారు. 1924లో హాదీ వాళ్లకు అందని పతకం 72 ఏళ్లకు దక్కింది.

రాసిపెట్టింది మిగులుతుంది

హాదీ జీవితంలో ఇవాళ ఎక్కువగా చెప్పుకునే అంకె ఏది? 132. ఆ అంకె ఎందుకు మిగిలింది? మద్రాస్ మ్యాచ్‌లో స్కోరర్ పుస్తకం తెరిచి రాసిపెట్టారు కాబట్టి. పారిస్ ఎందుకు మిగిలింది? ఒలింపిక్స్ రికార్డుల్లో ఆయన పేరు ఉంది కాబట్టి. హైదరాబాద్‌లో సాయంత్రాలు చీకటిపడేదాకా ఆడిన ఆటలు, స్నేహితులతో వేసిన చెస్ ఎత్తులు ఏ లెక్కలోకీ రావు. ఎంత తెలివైన అల్గారిథమ్ అయినా కాగితం మీద లేని మ్యాచ్‌ను కనిపెట్టలేదు.

ఇది పాతకాలం ముచ్చట మాత్రమే కాదు. ఇవాళ కూడా మెదక్‌లో, చుట్టుపక్కల ఊళ్లలో సంక్రాంతికో దసరాకో కబడ్డీ, వాలీబాల్, క్రికెట్ పోటీలు జరుగుతాయి. కప్పు ఇస్తారు, ఫొటో దిగుతారు, వీడియో స్టేటస్‌లో పెడతారు. 24 గంటలకు స్టేటస్ మాయం. ఎవరు ఎవరిని ఎంత తేడాతో ఓడించారన్నది వచ్చే ఏడాదికి నిర్వాహకులకే గుర్తుండదు.

దీనికి పెద్ద సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. ఒక నోట్‌బుక్ చాలు. తేదీ, గెలిచిన జట్టు, ఓడిన జట్టు, స్కోరు. నాలుగు గడులు. పక్క జిల్లా జట్టుతో ఒక్క మ్యాచ్ ఆడినా అది తప్పకుండా రాయాలి, ఎందుకంటే వంతెన అదే. నాలుగైదేళ్లు రాస్తే మండలంలో అసలైన మొనగాడు ఎవరో, ఎక్కువ కప్పులు ఎత్తుకుపోయినవాళ్లలో గట్టివాళ్ల మీద గెలిచినవాళ్లు ఎవరో తేలిపోతుంది. సెలెక్టర్ కంటపడని పిల్లవాడి పేరు కూడా ఆ లెక్కలో బయటపడొచ్చు.

హాదీకి నంబర్ ఇవ్వడం ఇప్పుడు ఏ కంప్యూటర్ వల్లా కాదు. ఏడు ఆటలను కలిపి కొలిచే పట్టిక ఇంకా ఎవరూ తయారుచెయ్యలేదు. కానీ హైదరాబాద్ నుంచి పారిస్ దాకా గీసిన ఆ గీత మాత్రం వలలో అలాగే ఉంది. రంజీ ట్రోఫీ సెంచరీల జాబితా ఎక్కడ తెరిచినా, మొట్టమొదటి వరసలో ఉండేది ఆయన పేరే.